ఆర్కన్సా వరిచేల మధ్య మూడేళ్ల ఒప్పందం: నా జె-1 వేవర్ అనుభవం

నేను ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. 2022 జూలైలో డెట్రాయిట్ పక్కన ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీలో (ఎంబీబీఎస్ తర్వాత చేసే స్పెషాలిటీ శిక్షణ) చేరాను, 2025 జూన్ 30కి అయిపోయింది. ఇప్పుడు ఆర్కన్సాలో, మెంఫిస్‌కి గంటన్నర దూరంలో ఒక చిన్న ఊరి క్లినిక్‌లో చేస్తున్నాను. జె-1 వీసా మీద వచ్చిన డాక్టర్లు చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. ఉండలేం అంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పని చేయడానికి ఒప్పుకుని ఆ షరతు మాఫీ చేయించుకోవాలి. దాన్నే వేవర్ అంటాం. రెసిడెన్సీ రెండో ఏడు దాటుతున్నవాళ్లు నన్ను ఫోన్లో అడిగేవన్నీ ఒకచోట రాస్తే పోతుందని కూర్చున్నాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు అడగొద్దు. ఈ చుట్టుపక్కల తెలుగు డాక్టరమ్మని నేనొక్కదాన్నే, ఇట్టే తెలిసిపోతుంది.

అసలు కథ ఢిల్లీ నుంచి మొదలవుతుంది. జె-1కి మన కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి 'స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్' అనే కాగితం కావాలి. దాని కోసం 2022లో, చదువయ్యాక తిరిగొచ్చేస్తానని బాండు రాసిచ్చాను. నోటరీ దగ్గర నాన్న పక్కనే నిలబడి, "నిజంగానే వచ్చేస్తావా అమ్మాయ్?" అన్నాడు. "చూద్దాంలే నాన్నా" అన్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. వేవర్ వల్ల అమెరికా వాళ్ల షరతు పోతుంది. నాన్నకి చెప్పిన మాట సంగతి వేరు.

ఉద్యోగం వెతకడం 2024 ఆగస్టులో మొదలుపెట్టాను. రిక్రూటర్ల ఈమెయిళ్లు రోజూ వచ్చి పడుతూనే ఉంటాయి. అన్నింట్లో 'జె-1 వారికి అవకాశం' అని ఉంటుంది. ఫోన్ చేసి రెండు ప్రశ్నలు వేస్తే సగం మందికి వేవర్ అంటే ఏంటో తెలియదని అర్థమైపోతుంది. నేను తర్వాత్తర్వాత నేర్చుకున్న ప్రశ్నలు ఇవి: ఇంతకుముందు వేవర్ మీద ఎవరినైనా తీసుకున్నారా? వాళ్లు మూడేళ్లు పూర్తి చేశారా? పూర్తయ్యాక ఉన్నారా, వెళ్లిపోయారా? మూడో ప్రశ్నకి అవతలివాళ్లు తడబడ్డారంటే ఆ చోటికి వెళ్లకపోవడమే మంచిది. కుదిరితే ఆ పాత డాక్టర్ నంబరు సంపాదించి మాట్లాడండి. నాకు ఒకావిడ అరగంటలో చెప్పిన విషయాలు ఏ లాయరూ చెప్పలేదు.

ఎక్కువమంది వెళ్లే దారి కాన్రాడ్-30. ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మందిని సిఫారసు చేయవచ్చు. లెక్క అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. అందరూ వెళ్లాలనుకునే రాష్ట్రాల్లో తలుపు తీసిన వెంటనే నిండిపోతాయి, కొన్ని రాష్ట్రాల్లో ఏడాది చివరికీ మిగిలిపోతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకసారి ఒకే చోట దరఖాస్తు పెట్టాలి. ఇంకెక్కడా పెట్టలేదని, ఇది తేలేదాకా పెట్టబోనని సంతకం చేసి ఇవ్వాలి, అబద్ధమైతే కేసు. అంటే నాలుగు చోట్ల వేసి ఏది ముందొస్తే అది అనుకోవడం కుదరదు.

నాకు సెప్టెంబర్‌లో మధ్య పశ్చిమాన ఒక రాష్ట్రంలో హాస్పిటలిస్టు ఉద్యోగం, అంటే ఆసుపత్రిలో చేరిన రోగుల్ని మాత్రమే చూసే పని దొరికింది. వారం పని, వారం సెలవు. జీతం బాగుంది, ఊరు మరీ చిన్నది కాదు, గంట దూరంలో గుడి ఉంది. సంతకం పెట్టాను. మా ఆయన అప్పుడే ఇళ్లు చూడటం కూడా మొదలుపెట్టాడు. అక్టోబర్ 1న దరఖాస్తు వెళ్లింది. నవంబర్ 8న, నైట్ డ్యూటీ మధ్యలో, కాల్ రూమ్‌లో ఈమెయిల్ చూశాను. 30 కంటే ఎక్కువ వచ్చాయి, క్లినిక్‌లో కూర్చునే డాక్టర్లకి ముందు ప్రాధాన్యం, మీది ఎంపిక కాలేదు. మర్నాడు ఆ ఆసుపత్రి నుంచి ఇంకో ఉత్తరం: వేవర్ రాలేదు కాబట్టి ఒప్పందం రద్దు. వాళ్ల తప్పేం లేదు, ఒప్పందంలో ఆ క్లాజు ఉంది. కానీ మూడు నెలలు రోజూ ఫోన్ చేసినవాళ్లు ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. మా ఆయన ఇళ్ల లింకులన్నీ చెప్పకుండానే తీసేశాడు.

ఆ వారం నన్ను నిలబెట్టింది నాతోపాటు రెసిడెన్సీ చేస్తున్న కొరియా స్నేహితుడు. అతనిది విచిత్రమైన పరిస్థితి, ఊరి సేవ అతనికి రెండోసారి. దక్షిణ కొరియాలో మగపిల్లలందరికీ సైన్యం తప్పనిసరి కదా, డాక్టర్లయితే తుపాకీ బదులు స్టెతస్కోప్ పట్టుకుని మారుమూల ఆరోగ్య కేంద్రంలో పని చేయొచ్చు. మామూలు సైనికుడికి 18 నెలలు, ఈ డాక్టర్లకి 36 నెలలు, మొదట్లో ఇచ్చే సైనిక శిక్షణ దానికి అదనం. అతను దక్షిణ జొల్లా తీరంలో ఒక దీవిలో చేశాడు. మూడేళ్లూ అక్కడ డాక్టరు అతనే. గాలివాన వస్తే పడవ రాదు, రోగిని పెద్దాసుపత్రికి పంపే వీలుండదు. పీతలు పట్టే ముసలాళ్లు బీపీ మందుల కోసం వచ్చి గంటలు గంటలు కూర్చునేవాళ్లట. "రెట్టింపు కాలం అని తెలిసీ ఎందుకెళ్లావు?" అని అడిగితే, "సైన్యంలో అయితే నిద్రపోనివ్వరు" అన్నాడు. అతని తర్వాతి బ్యాచ్‌లవాళ్లు ఆ లెక్క చూసుకుని 18 నెలల మామూలు సైన్యానికే పోతున్నారని, దీవుల్లో డాక్టర్ల కుర్చీలు ఖాళీ అవుతున్నాయని చెప్పాడు. 2024 మార్చిలో, సియోల్ పెద్దాసుపత్రుల్లో జూనియర్ డాక్టర్లు రాజీనామాలు ఇచ్చినప్పుడు, ఉన్న ఆ కొద్దిమందిలోంచి కూడా కొందరిని పల్లెల నుంచి తీసి పట్నం ఆసుపత్రులకి పంపారు. అతనికి అది మింగుడుపడలేదు. "మా దీవి ముసలాళ్లని ఎవరూ అడగలేదు" అన్నాడు. ఇప్పుడు అదే మనిషి అమెరికాలో వేవర్ కోసం ఇంకో పల్లె వెతుక్కుంటున్నాడు. "పల్లెలో పని అలవాటవుతుంది. పని దొరికేదాకా ఎదురుచూడటం ఒక్కటే అలవాటు కాదు" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో ఆర్నెల్లలో నాకూ తెలిసింది.

కాన్రాడ్ కాకుండా ఇంకొన్ని దారులున్నాయి, వాటి గురించి రెసిడెన్సీలో ఎవరూ గట్టిగా చెప్పరు. అపలాచియా కొండ ప్రాంతాలకి ఒక కమిషన్ ఉంది. మిసిసిపీ నది దిగువ ప్రాంతాలకి డెల్టా రీజినల్ అథారిటీ ఉంది, క్లార్క్స్‌డేల్‌లో దాని ఆఫీసు. ఎనిమిది రాష్ట్రాల్లోని కౌంటీలు దాని కిందికి వస్తాయి. వాళ్ల 'డెల్టా డాక్టర్స్' దారిలో వెళ్తే రాష్ట్రం తాలూకు 30లో లెక్క పడదు, అక్టోబర్ దాకా ఆగక్కర్లేదు. నవంబర్ చివర్లో ఒక సీనియర్ ఈ ముక్క చెప్పి ఆర్కన్సా ఆసుపత్రి నంబరు ఇచ్చాడు.

డిసెంబర్‌లో చూసి రావడానికి మెంఫిస్ దాకా విమానంలో వెళ్లి, కారు అద్దెకి తీసుకుని మిసిసిపీ వంతెన దాటాను. దాటగానే అంతా సమతలం. ఎక్కడా మిట్ట లేదు, పల్లం లేదు. కోసేసిన చేలల్లో నీళ్లు నిలబెట్టి ఉన్నాయి, నీళ్ల మీద నల్లగా బాతులు. నాకు కాసేపు అర్థం కాలేదు, దాళ్వాకి తడుపుతున్నారా అనుకున్నాను. వేటగాళ్ల కోసం, బాతులు దిగాలని, పనిగట్టుకుని నీళ్లు పెడతారట. స్టట్‌గార్ట్ అనే ఊళ్లో ప్రతి థాంక్స్ గివింగ్ వారంలో బాతు కూత కూసే పోటీలు కూడా జరుగుతాయి. నాకు ఇందులో తగిలిన కష్టం ఏంటంటే, బాతుల సీజన్‌లో ఏ హోటల్లోనూ గది ఖాళీ ఉండదు. చివరికి ఆసుపత్రి నర్సింగ్ డైరెక్టర్ గారి ఇంట్లో పై గదిలో పడుకున్నాను. పొద్దున ఆవిడ బిస్కట్లూ, మాంసం వేసిన గ్రేవీ పెట్టి, మాంసం తినవని ఎవరూ చెప్పలేదే అని తెగ బాధపడిపోయింది. ఇంటర్వ్యూ ఆ వంటింట్లోనే సగం అయిపోయిందనుకుంటాను.

ఒప్పందం 2025 జనవరి రెండో వారంలో చేతికొచ్చింది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఆసుపత్రి లాయరు ఆసుపత్రికి లాయరు. ఎంత మర్యాదగా మాట్లాడినా మీ మనిషి కాదు. నేను 900 డాలర్లు పెట్టి ఒప్పందం చదివించుకున్నాను, అంతకంటే మంచి ఖర్చు ఈ మొత్తంలో ఇంకోటి లేదు. మూడేళ్ల లోపు మానేస్తే రెండున్నర లక్షల డాలర్లు కట్టాలని ఉంది. అది తియ్యరు, తియ్యమని అడగక్కర్లేదు. కానీ 'ఆసుపత్రి తీసేస్తే' అన్న మాట కూడా అందులో కలిపేసి ఉంది. అంటే వాళ్లే పంపించేసినా నేను కట్టాలి! అది కొట్టేయించాం. వారానికి 40 గంటలు అని రాసి, కింద 'అవసరాన్ని బట్టి ఇతర విధులు' అని ఉంది. దానికి నెలకి ఇన్ని కాల్ డ్యూటీలు అని పరిమితి పెట్టించాం. జీతం గురించి బేరం ఆడితే మొహం చిట్లించినవాళ్లు, వీటికి ఏమీ అనకుండా ఒప్పేసుకున్నారు. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి అడగరనుకుంటారు.

తర్వాత కాగితాలు. విదేశాంగ శాఖ సైటులో డీఎస్-3035 ఫారం నింపితే బార్‌కోడ్ పేజీ, కేసు నంబరు వస్తాయి. 120 డాలర్ల చెక్కుతో సెయింట్ లూయిస్ పోస్టుబాక్సుకి పంపాలి. ఆన్‌లైన్‌లో నింపే ఫారమే అయినా, స్టాంపులు అంటించి మన అడ్రసు మనమే రాసిన కవర్లు రెండు జతచేయాలి. మా అపార్ట్‌మెంట్ దగ్గర పెద్ద కవర్లు దొరక్క మంచులో మూడు దుకాణాలు తిరిగాం. ఇక అసలు ఫైలు వేరే, ఆ కేసు నంబరు దాని ప్రతి పేజీ మీదా ఉండాలి. ఇప్పటిదాకా ఉన్న డీఎస్-2019లు (జె-1 అర్హత కాగితాలు) అన్నీ, ఒక్క ఏడాదిది పోయినా కుదరదు. పాతవి జాగ్రత్తగా దాచుకోండి. మా ఆయన రెండు రాత్రులు కూర్చుని పేజీకి పేజీకీ నంబరు వేశాడు.

ఊరివాళ్ల సిఫారసు ఉత్తరాలు ఆసుపత్రే తెప్పించింది. మేయరు, స్కూలు సూపరింటెండెంటు, ఒక రైతుల సహకార సంఘం మేనేజరు, కౌంటీ జడ్జి. నేను అమ్మకి ఫోన్లో ఈ పేర్లు చదివితే, "జడ్జీ ఎందుకే? కేసేమైనా అయ్యిందా?" అని గాభరా పడింది. ఆర్కన్సాలో కౌంటీ జడ్జి అంటే కోర్టు మనిషి కాదు, మన జడ్పీ ఛైర్మన్ లాంటాయన, రోడ్లూ బడ్జెట్టూ చూస్తాడు. ఇంకోటి, అమెరికన్ డాక్టర్ల కోసం వెతికాం, దొరకలేదు అని చూపించే ప్రకటనల కాగితాలు. వాటిని చూస్తే నాకు దిగులేసింది. ఆ కుర్చీ కోసం ఎంతకాలంగా ప్రకటనలు వేస్తున్నారో, ఎంతమంది పలకలేదో అందులో వరసగా ఉంది.

లైసెన్సు దగ్గర నవ్వొచ్చే ఇబ్బంది ఒకటి. నా డిగ్రీ మీద డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అని ఉంది. 2022లో దాని పేరు వైఎస్సార్‌కి మార్చారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌కి మార్చారు. నేను రెసిడెన్సీకి వచ్చేటప్పుడు ఒక పేరు, మధ్యలో తెప్పించుకున్న కాగితం మీద ఇంకో పేరు. ఇవి రెండు యూనివర్సిటీలు కావు బాబూ, ఒక్కటే, అని ఒక పేజీ వివరణ రాసిచ్చాను. అవతల ఫోన్లో ఉన్నావిడ ఓపిగ్గా వింది. ఆమెకి ఆ రెండు పేర్లూ ఎవరివో చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుందని ఆపేశాను.

జనవరి 29న ఫైలు క్లార్క్స్‌డేల్‌కి వెళ్లింది. ఫిబ్రవరి 18న అక్కడ నుంచి సిఫారసు అయిపోయింది, ఇంత త్వరగా అవుతుందని అనుకోలేదు. అక్కడ నుంచి వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ. అక్కడ సైటులో కేసు నంబరు కొడితే ఒకే వాక్యం కనిపిస్తుంది. మార్చి అంతా అదే వాక్యం. రౌండ్స్ మధ్యలో, లిఫ్టులో, పడుకోబోయే ముందు కొట్టి చూసేదాన్ని. ఫోన్ చేసి అడిగితే ఉపయోగం ఉండదు. ఏప్రిల్ 11న వాక్యం మారింది, సిఫారసు చేసి ఇమిగ్రేషన్ వాళ్లకి పంపారు. వాళ్ల దగ్గర నుంచి వేవర్ మంజూరు కాగితం మే 20న వచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రి హెచ్-1బి వేసింది. వేవర్ డాక్టర్లకి లాటరీ లేదు, అదొక్కటి హాయి. త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్‌కి 2,805 డాలర్లు ఆసుపత్రే కట్టింది. జూన్ 17న అయిపోయింది. జూన్ 30న రెసిడెన్సీ ఆఖరు రోజు. మంజూరైన 90 రోజుల్లో పనిలో చేరాలి, నేను జూలై 14న చేరాను.

డబ్బుల లెక్క కూడా చెప్పేస్తాను. నా చేతి నుంచి పోయింది: వేవర్ లాయరుకి 4,500, ఒప్పందం చదివినందుకు 900, డీఎస్-3035కి 120, లైసెన్సు, వేలిముద్రలు, సర్టిఫికెట్లు అన్నీ కలిపి రెండు వేలకి పైన, ట్రక్కు అద్దెకి, సామాను తరలించడానికి మూడు వేలు. మొదటి రాష్ట్రంలో పోయిన ఒప్పందానికి లాయరు తీసుకున్న డబ్బులు వెనక్కి రాలేదు.

కానీ అందరికంటే ఎక్కువ పోగొట్టుకుంది మా ఆయన. ఇది ఎవరూ ముందు చెప్పరు, అందుకే గట్టిగా రాస్తున్నాను. జె-1 వాళ్ల భర్తకో భార్యకో జె-2 ఉంటుంది, దాని మీద పని చేసుకునే అనుమతి తీసుకోవచ్చు. మా ఆయన మూడేళ్లు డెట్రాయిట్‌లో ఒక ఆటో కంపెనీలో సాఫ్ట్‌వేర్ చేశాడు. నేను హెచ్-1బికి మారగానే అతను హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భర్తకో భార్యకో ఇచ్చేది) అయ్యాడు, ఆ రోజు నుంచి పని బంద్. గ్రీన్ కార్డు దారిలో ఐ-140 అనే అర్జీ మంజూరయ్యేదాకా హెచ్-4 మీద పని అనుమతి రాదు. నాకు హెచ్-1బి వచ్చిందని మిఠాయి పంచుకున్న రోజు సాయంత్రమే అతను మేనేజరుకి రాజీనామా రాశాడు. కంప్యూటర్ తిరిగి పంపడానికి పెట్టెలో సర్దుతూ, "పర్లేదులే, పచ్చళ్ల వ్యాపారం పెడతా" అన్నాడు. పెట్టకూడదు, అది కూడా పనే. మొదటి రెండు నెలలు ఇంట్లో మాటలు బాగా తగ్గిపోయాయి. నేను ఇంటికొచ్చేసరికి పప్పుచారు రెడీగా ఉండేది, మనిషి మాత్రం వేరే గదిలో ఉండేవాడు. మీరు ఉద్యోగం వెతికేటప్పుడే ఇద్దరూ కూర్చుని ఇది మాట్లాడుకోండి. నాకు ఒప్పందంలో ఐ-140 ఆరు నెలల్లో మొదలుపెట్టాలని రాయించుకోమని ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. మీకు నేను చెప్తున్నాను.

పని సంగతి. క్లినిక్‌లో రోజుకి పద్దెనిమిది, ఇరవై మంది. బీపీ, షుగరు, కిడ్నీలు, ఊపిరితిత్తులు. స్పెషలిస్టు కావాలంటే మెంఫిస్ లేదా లిటిల్ రాక్. కారు లేనివాళ్లు అంత దూరం వెళ్లరు కాబట్టి రెసిడెన్సీలో కార్డియాలజిస్టుకి పంపేసే కేసులు ఇక్కడ నేనే చూడాలి. మొదటి నెలలో రోజూ రాత్రి చదువుకునేదాన్ని. ఒక పెద్దాయన కాళ్ల వాపుతో వచ్చి, మందులు సగం సగం వేసుకుంటున్నానన్నాడు. ఎందుకంటే మొత్తం వేసుకుంటే పొలంలో మాటిమాటికీ ఆగాల్సి వస్తుందట. ట్రాక్టరు మీద ఉండే వేళలు అడిగి, మాత్ర సాయంత్రానికి మార్చాను. రెండు వారాల్లో పదకొండు పౌండ్లు నీరు దిగింది. వెళ్తూ వెళ్తూ, "నువ్వు ఎన్నాళ్లుంటావు?" అన్నాడు. ఇక్కడ అందరూ అడిగేది ఇదే. ముందున్న డాక్టర్లు మూడేళ్లు కాగానే వెళ్లిపోయారు, వాళ్లకి ఆ లెక్క బాగా తెలుసు. నేను "2028 జూలై దాకా ఖాయం" అని చెప్తాను. అబద్ధం చెప్పి ఏం లాభం.

ఆగస్టులో కోతలు మొదలయ్యాక నాన్నకి వీడియో చేసి చూపించాను. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఈ ఒక్క రాష్ట్రంలోనే పండుతుంది. నారుమడి లేదు, ఊడ్పులు లేవు. పొడి నేలలో యంత్రంతో విత్తనం వేసి, మొక్క ఐదాకులు వేశాక నీళ్లు పెడతారు. యూరియా విమానంతో చల్లుతారు. నాన్న కెమెరా దగ్గరికి మొహం పెట్టి, "గట్టు చూపించు, గట్టు" అన్నాడు. లేజరుతో చదును చేసిన చేలు, గట్లు తిన్నగా గీత గీసినట్టు ఉన్నాయి. దిగుబడి ఎంతని అడిగితే, నా పేషెంటు ఒకాయన ఎకరాకి 170 బుషెళ్లు అన్నాడని చెప్పి, 75 కిలోల బస్తాల్లోకి మార్చాను. 46 వచ్చింది. "దాళ్వాకి మనకీ అంతే వస్తుంది. దానికి విమానాలెందుకు?" అన్నాడు నాన్న. ఆ మాట ఆ పేషెంటుకి చెప్తే పడీ పడీ నవ్వి, మీ నాన్నని ఒకసారి తీసుకురా అన్నాడు. దోమలు మాత్రం అచ్చం మా కొల్లేరు పక్క దోమలే.

కిరాణా కోసం నెలకోసారి మెంఫిస్. కరివేపాకు, ఇంగువ, కందిపప్పు తెచ్చుకుంటాం. బియ్యం మాత్రం ఇక్కడే, కానీ అన్నం కొంచెం జిగురుగా ఉంటుంది, మా ఆయన ఇంకా సోనా మసూరే కావాలంటాడు.

అంతా కుదురుకుంటోంది అనుకున్నాక 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. కొత్త హెచ్-1బిలకి లక్ష డాలర్ల ఫీజని ప్రకటన వచ్చింది, 21 నుంచి అమలు. ఆ రాత్రి ఫోన్ మోగుతూనే ఉంది. దసరాకని హైదరాబాద్ వెళ్లిన నా బ్యాచ్‌మేటు టికెట్ మార్చుకుని శంషాబాద్‌కి పరుగెత్తింది. మా ఆసుపత్రి హెచ్ఆర్ ఆవిడ శనివారం పొద్దున్నే ఫోన్ చేసి, "నీకు కూడా కట్టాలా? మా దగ్గర అంత లేదమ్మా" అంది. ఆవిడ గొంతులో భయం నా భయం కంటే ఎక్కువ. ఆ సాయంత్రానికి, ఇప్పటికే హెచ్-1బి ఉన్నవాళ్లకి వర్తించదని వివరణ వచ్చింది. అక్టోబర్‌లో ఇక్కడే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకి కూడా లేదన్నారు. నా తర్వాతి బ్యాచ్ వేవర్ వాళ్లు అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. అయినా ఇప్పుడు చిన్న ఆసుపత్రులు 'హెచ్-1బి' అన్న మాట వినగానే వెనకడుగు వేస్తున్నాయని జూనియర్లు చెప్తున్నారు. వాళ్లకి నేను చెప్పేది, ఆ అక్టోబర్ వివరణ కాగితం ప్రింటు తీసుకుని ఇంటర్వ్యూకి పట్టుకెళ్లమని.

ఇంకో దెబ్బ డిసెంబర్‌లో. తమ్ముడి పెళ్లి 2026 ఫిబ్రవరిలో. నా పాస్‌పోర్టులో హెచ్-1బి స్టాంపు లేదు, దేశం దాటితే స్టాంపు వేయించుకునే తిరిగి రావాలి. జనవరి ఆఖరుకి హైదరాబాద్‌లో అపాయింట్‌మెంటు దొరికింది, టికెట్లు కొన్నాం, అమ్మ నా చీరలకి బ్లౌజులు కుట్టించేసింది. డిసెంబర్‌లో సోషల్ మీడియా తనిఖీల పేరుతో అపాయింట్‌మెంట్లు వెనక్కి జరిపారు. నాది కూడా వేసవికి పోయింది. పెళ్లికి వెళ్లి అక్కడ చిక్కుకుపోతే క్లినిక్‌లో నా పేషెంట్లని చూసేవాళ్లు లేరు, మూడేళ్ల లెక్క ఆగిపోతుంది. టికెట్లు రద్దు చేశాం. అమ్మ ఏడవలేదు, "సరేలే, బ్లౌజులు కొరియర్ చేస్తా" అంది. పెళ్లి ఫోన్లో చూశాం, ఇక్కడ మధ్యాహ్నం. జీలకర్ర బెల్లం దగ్గర నెట్ ఆగిపోయి, వచ్చేసరికి తలంబ్రాలు పోస్తున్నారు.

ఇప్పుడు మా ఇద్దరి మధ్య నడుస్తున్న చర్చ వేరే. ఐ-140కి డాక్టర్లకి ఇంకో దారి ఉంది, నేషనల్ ఇంటరెస్ట్ వేవర్. దానికి ఇలాంటి చోట మొత్తం ఐదేళ్లు చేయాలి. వేవర్ కింద చేసే మూడేళ్లు అందులో కలుస్తాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ నుంచి ఈ డాక్టరు అవసరం అని ఉత్తరం తెచ్చుకోవాలి. ఐ-140 మంజూరైతే మా ఆయన మళ్లీ పని మొదలుపెట్టొచ్చు, ఐదేళ్లు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. అంటే అతని ఉద్యోగం కోసం నేను ఇంకో రెండేళ్లు ఉంటానని ఒప్పుకోవాలి. మొదట్లో వద్దన్నది అతనే. మొన్న ఊళ్లో హైస్కూల్ పిల్లలకి శనివారాలు ఉచితంగా లెక్కలు చెప్పడానికి వెళ్లడం మొదలుపెట్టాక, ఆ ఉత్తరానికి ఏమేం కాగితాలు కావాలో కనుక్కోమన్నాడు. నిన్న లాయరుకి ఫోన్ చేశాను. డీఎస్-2019లు మళ్లీ అన్నీ కావాలంది, ఈసారి ఇద్దరివీ.